ఆన్‌లైన్ పరిచయం, ముఖాముఖి పరిచయం: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం కోసం ఇల్లు వదిలి బెంగళూరు చేరిన తెలుగు యువతీయువకులు, వారి తల్లిదండ్రులు జీవిత భాగస్వామి ఎంపిక గురించి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను, వాటికి నేను ఇచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను 2011 నుంచి ఈ నగరంలో ఉంటున్నాను. అందులో ఆరేళ్లు మారతహళ్లిలోని పీజీల్లో, అంటే డబ్బు కట్టి ఉండే వసతిగృహాల్లో, గడిపాను. ఆ గదుల్లో ఎన్నో పరిచయాలు మొదలవడం, నిలబడడం, తెగిపోవడం దగ్గరనుంచి చూశాను. ప్రశ్నలు అడిగినవారిని గుర్తుపట్టించే వివరాలను తీసివేశాను.

ఆన్‌లైన్, ముఖాముఖి, ఈ రెండు మార్గాల్లో ఏది మంచిది?

ఒక్కో మార్గంలో మీకు ఏది దొరుకుతుందో, ఏది దొరకదో ముందు తెలుసుకోవాలి. ముఖాముఖి పరిచయంలో మనిషితోపాటు ఆ మనిషిని ఎరిగినవారు కూడా ఉంటారు. స్నేహితురాలి పెళ్లిలో కలిసిన అబ్బాయి గురించి "మంచివాడే గాని అప్పులు ఎక్కువ, జాగ్రత్త" అని చెప్పేవారు ఆ పందిట్లోనే ఎక్కడో కూర్చుని ఉంటారు. డేటింగ్ యాప్‌లో కనిపించిన అబ్బాయి గురించి చెప్పేది అతనొక్కడే. సంబంధం కలుపుకొనే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలు అనడంలో కులం లెక్కలు, ఆస్తి లెక్కలు చాలానే ఉన్నాయి, వాటిని నేను సమర్థించను. కాని ఆ వాకబులో ఒక అవసరమైన పని కూడా జరిగేది. మనిషి తన గురించి చెప్పుకొన్నదానికి బయటి సాక్ష్యం దొరికేది. ఆన్‌లైన్ పరిచయం మన ఎంపికను ఎంతో విశాలం చేసింది, అదే సమయంలో ఈ సాక్ష్యాన్ని తప్పించింది. ఆ లోటును ఓపికగా పూడ్చుకోగలిగినవారికి ఆన్‌లైన్ మార్గం చక్కగా పనికొస్తుంది. పూడ్చుకోకుండా నమ్మినవారే ఎక్కువగా దెబ్బ తినడం నేను చూశాను.

ఆన్‌లైన్‌లో మొదలైన సంబంధాలు నిలబడవంటారు. నిజమేనా?

నిలబడవని చెప్పడానికి ఆధారం లేదు. ఈ విషయంపై ఎక్కువ పరిశోధన అమెరికాలో జరిగింది. అక్కడ మ్యాచ్ డాట్ కామ్ అనే డేటింగ్ సైటు 1995లో మొదలైంది, టిండర్ అనే డేటింగ్ యాప్ 2012లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ రోసెన్‌ఫెల్డ్, ఆయన సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2017లో కలుసుకున్న స్త్రీపురుష జంటల్లో సుమారు 39 శాతం ఆన్‌లైన్‌లో కలుసుకున్నవే. 2009లో ఆ వాటా 22 శాతం. స్నేహితుల ద్వారా కలుసుకున్న జంటల వాటా మాత్రం 1995లో ఉన్న 33 శాతం నుంచి 2017 నాటికి 20 శాతానికి పడిపోయింది. ఆన్‌లైన్ జంటలు ఇతర జంటల కంటే ఎక్కువగా విడిపోవడం లేదని రోసెన్‌ఫెల్డ్ విడిగా చేసిన పరిశీలనలో తేలింది. 2005 నుంచి 2012 వరకు పెళ్లయిన 19 వేల మందికి పైగా అమెరికన్లపై 2013లో వెలువడిన మరో అధ్యయనం, ఆన్‌లైన్‌లో కలిసినవారి దాంపత్యం కాస్త మెరుగ్గానే ఉందని చెప్పింది. అయితే దానికి డబ్బు సమకూర్చింది ఈహార్మొనీ అనే డేటింగ్ సంస్థ కాబట్టి, ఆ ఫలితాన్ని నేను కొంత తగ్గించే చూస్తాను.

ఈ అంకెలను తెచ్చి మన ఇళ్లకు అతికించకూడదు. మన దగ్గర ఇప్పటికీ పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే అత్యధికం. 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం మాత్రమే. ఇక్కడ ఆన్‌లైన్‌లో మొదలైన సంబంధం విఫలమైతే, దానికి కారణం పరిచయమైన చోటా, లేక ఇంట్లోవారు ఒప్పుకోకపోవడమా అన్నది విడదీసి చూడాలి. నాకు తెలిసినంతలో రెండో కారణమే ఎక్కువ.

బెంగళూరులో ఉన్న తెలుగువారికి ఈ ప్రశ్న ఎందుకు ఇంత బరువుగా అనిపిస్తుంది?

ఈ నగరంలో తెలుగువారికి కొదవ లేదు. మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్.పురం, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో ఆంధ్రా మెస్సులు, తెలుగు బోర్డులున్న పీజీలు అడుగడుగునా కనిపిస్తాయి. అయినా ఊళ్లో ఉండే అల్లిక ఇక్కడ ఉండదు. అనంతపురంలోనో కర్నూలులోనో ఒక కుటుంబం గురించి తెలుసుకోవాలంటే మేనత్త రెండు ఫోన్లు చేస్తే సరిపోతుంది. ఇక్కడ పక్క మంచం మీద ఏడాదిగా పడుకుంటున్న అమ్మాయి ఇంటిపేరు కూడా చాలామందికి తెలియదు. పీజీ మారుతుంది, కంపెనీ మారుతుంది, వాటితోపాటు స్నేహితుల గుంపూ చెదిరిపోతుంది. వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే మనిషి జయనగర్‌లో ఉండే మనిషిని వారం మధ్యలో కలవాలంటే సాయంత్రమంతా ప్రయాణానికే సరిపోతుంది. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి ఊరికి వెళ్లి, సోమవారం తెల్లవారుజామున తిరిగి దిగేవారికి శనివారాలు కూడా మిగలవు. అలాంటివారు రాత్రి పదిన్నరకు భోజనం ముగించి ఫోన్‌లో యాప్ తెరిస్తే, దాన్ని చెడు తిరుగుడుగా చూడడం అన్యాయం. ఊరిలో బంధువులు, ఇరుగుపొరుగు, పెళ్లిపందిళ్లు చేసిపెట్టే పనిని ఈ నగరంలో వారికి చేసిపెట్టేవారు ఎవరూ లేరు.

మ్యాట్రిమొనీ సైటుకూ డేటింగ్ యాప్‌కూ అసలు తేడా ఏమిటి?

ప్రధానమైన తేడా ప్రొఫైల్ ఎవరి చేతిలో ఉంటుందన్నది. మ్యాట్రిమొనీ సైట్లలో చాలా ప్రొఫైళ్లను తల్లిదండ్రులో, అన్నదమ్ములో నడుపుతారు. కులం, శాఖ, నక్షత్రం, జీతం ముందు వస్తాయి, మనిషి తరువాత వస్తాడు. డేటింగ్ యాప్‌లో ప్రొఫైల్ ఆ మనిషి సొంతం, అందులో పెళ్లి ఉద్దేశం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమొనీ సైట్లకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సైటు పెళ్లి సంబంధాల కోసమే గాని డేటింగ్ కోసం కాదని స్పష్టంగా ప్రకటించాలనీ, సభ్యుల వివరాలను సరిచూడాలనీ, ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారిని నియమించాలనీ అందులో చెప్పింది.

ఈ రెండింటికీ నడుమ ఉండాలని ప్రయత్నించిన యాప్‌లు కూడా ఉన్నాయి. 2014లో బెంగళూరులో మొదలైన ఐల్ అలాంటిదే. అది మలయాళీల కోసం "అరికె", తెలుగువారి కోసం "నీతో" వంటి ప్రాంతీయ యాప్‌లను కూడా తెచ్చింది. మ్యాట్రిమొనీ సైటులో ఉన్నంతమాత్రాన ఆ మనిషి వివరాలన్నీ నిజమని అనుకోవద్దు. అక్కడ కూడా పెళ్లయిన సంగతి దాచినవారిని, లేని ఉద్యోగం చెప్పినవారిని నేను చూశాను. సైటు వారు సరిచూసేది చాలాసార్లు ఫోన్ నంబరు, గుర్తింపు కార్డు వరకే.

యాప్ మనకు తగినవారిని నిజంగా కనిపెట్టగలదా?

మనకు ఇష్టం లేనివారిని కొంతవరకు తప్పించగలదు. తగినవారిని కనిపెట్టడం దానికి చేతకాదు. ఈ యాప్‌లు మీ వయసు, మీరున్న చోటు, మీరు ఎవరి ఫొటోను నచ్చిందని కుడివైపు జరిపారు, మీ ఫొటోను ఎవరు అలా జరిపారు, మీరు రోజుకు ఎన్నిసార్లు యాప్ తెరుస్తారు వంటి వాటిని చూసి ఎవరి ప్రొఫైల్ ముందు చూపాలో నిర్ణయిస్తాయి. అంటే మీకు నచ్చే అవకాశం ఉన్న ఫొటోను అవి ఊహించగలవు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు వారి మధ్య ఏం జరుగుతుందన్నది వేరే విషయం. ఎలై ఫింకెల్, మరి నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో అప్పటి వరకు వచ్చిన పరిశోధనను సమీక్షించి, జోడీలను కుదిర్చే గణిత సూత్రాలు మామూలు మార్గాల కంటే మెరుగని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. 2017లో సమంతా జోయెల్, పాల్ ఈస్ట్‌విక్, ఫింకెల్ ఇంకొక పని చేశారు. కొద్ది నిమిషాల చొప్పున వరుసగా అనేకమందిని కలిసే స్పీడ్ డేటింగ్‌లో పాల్గొన్నవారి నుంచి, ఆ కలయికకు ముందే, వందకు పైగా గుణాలు, అభిరుచుల గురించి వివరాలు తీసుకొని, కంప్యూటర్‌తో లెక్క కట్టించారు. సాధారణంగా ఎవరు ఇతరులను ఎక్కువగా ఇష్టపడతారో, ఎవరు ఎక్కువమందికి నచ్చుతారో కొంతవరకు చెప్పగలిగారు. ఫలానా ఇద్దరికి ఒకరంటే ఒకరికి ప్రత్యేకంగా కలిగే ఇష్టాన్ని మాత్రం చెప్పలేకపోయారు.

జాతకాలు కలిపి గుణాలు లెక్కపెట్టే అలవాటున్న మనకు ఇది వినవలసిన మాట. 36 గుణాల్లో 28 కలిసినంత మాత్రాన ఎలా సంసారం సాగదో, యాప్ 90 శాతం పొంతన చూపినంత మాత్రానా అలాగే సాగదు. ఆ శాతాన్ని చూసి ఒకరిని ఎంచుకోవడం గాని, తోసిపుచ్చడం గాని చేయవద్దు.

ఎన్నో నెలలుగా యాప్‌లో ఉన్నా మాటలు ముందుకు సాగడం లేదు. నాలో లోపమా?

కాదు. మన దేశంలో ఈ యాప్‌లలో ఆడవారి కంటే మగవారు చాలా ఎక్కువ. అందువల్ల అబ్బాయికి వారాల తరబడి ఒక్క జవాబు రాదు, అమ్మాయికి ఒక్క సాయంత్రంలో చదవలేనన్ని సందేశాలు వస్తాయి. అబ్బాయి నిరాశతో అందరికీ ఒకటే వాక్యం పంపడం మొదలుపెడతాడు, అమ్మాయి విసుగుతో ఏదీ చదవకుండా తీసివేయడం మొదలుపెడుతుంది. వీరిద్దరిలో ఎవరూ చెడ్డవారు కారు. దీనికి తోడు, ఉచితంగా వాడేవారికి కొన్ని సౌకర్యాలు తగ్గించి, డబ్బు కట్టినవారికి పెంచడం ఆ సంస్థల వ్యాపారం. మీ నిరాశే వారికి గిరాకీ అని గుర్తుంచుకొని, ఇన్ని వారాలు, ఇంత సమయం అని ముందే ఒక హద్దు పెట్టుకోండి. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి మాట్లాడకండి. ఆ ఇద్దరు ముగ్గురితో శ్రద్ధగా మాట్లాడండి.

ముఖాముఖి పరిచయంలో ప్రత్యేకంగా ఏముంది? ఫోన్‌లో కూడా గంటల తరబడి మాట్లాడుకోవచ్చు కదా?

మాట్లాడుకోవచ్చు. కాని మాటలు మనం ఎంచి పంపేవి. మనిషి ఎంచకుండా బయటపడేవి కొన్ని ఉంటాయి, అవి ఎదుట ఉన్నప్పుడే కనిపిస్తాయి. హోటల్లో నీళ్లు ఒలికించిన కుర్రవాడితో ఎలా మాట్లాడుతాడు, ఆటో అతను పది రూపాయలు ఎక్కువ అడిగితే గొంతు ఎంత పెరుగుతుంది, అమ్మ ఫోన్ చేసినప్పుడు ముఖం ఎలా మారుతుంది, వాన పడి సిల్క్ బోర్డు దగ్గర గంటసేపు ఇరుక్కుపోతే ఓపిక ఎంత మిగులుతుంది. ఇవి ప్రొఫైల్‌లో రాయగలిగేవి కావు.

రెండో విషయం పదేపదే చూడడం. తరచుగా చూసినదాని మీద మనకు ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయోంట్స్ 1968లో చూపించారు. దీనిపై 1992లో వెలువడిన ఒక ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ అనే పరిశోధకులు నలుగురు స్త్రీలను ఒక పెద్ద తరగతికి వేర్వేరు సార్లు పంపారు. ఒకరు అసలు వెళ్లలేదు, మిగిలినవారు 5, 10, 15 సార్లు వెళ్లారు. వారు ఎవరితోనూ మాట్లాడలేదు, వెళ్లి కూర్చుని వచ్చారంతే. తరువాత విద్యార్థులకు ఫొటోలు చూపితే, ఎక్కువసార్లు వచ్చిన స్త్రీయే ఎక్కువ ఆకర్షణీయంగా తోచింది. కాలేజీలో, ఆఫీసులో, సంగీతం క్లాసులో పుట్టే ఇష్టాలు చాలావరకు ఇలా నెమ్మదిగా అల్లుకొనేవే. మొదటి రోజు కంటికి ఆనని మనిషి ఆరో నెలకు ఆత్మీయుడవుతాడు. యాప్‌లో ఆ ఆరు నెలలు ఎవరికీ దొరకవు. రెండు సెకన్లలో ఫొటో చూసి పక్కకు జరిపినవారిలో మనకు ఎంతో తగినవారు ఉండి ఉండవచ్చు. ఆన్‌లైన్ మార్గంలో నన్ను నిజంగా బాధపెట్టే లోపం ఇదొక్కటే. అందుకే, యాప్‌లో కలిసిన మనిషితో తొలి కలయిక చప్పగా సాగినా, మర్యాదగా, నిజాయితీగా సాగి ఉంటే, ఇంకా ఒకటి రెండుసార్లు కలవమని చెబుతాను.

బెంగళూరులో ముఖాముఖి పరిచయాలకు అవకాశం ఉన్న చోట్లు ఏవి?

ఒక్కసారి వెళ్లి వచ్చే చోట్ల కంటే, అవే ముఖాలు వారం వారం కనిపించే చోట్లు మేలు. 2023లో మొదలైన కబ్బన్ రీడ్స్‌లో ప్రతి శనివారం ఉదయం కబ్బన్ పార్కులో చెట్ల కింద అందరూ ఎవరి పుస్తకం వారు మౌనంగా చదువుకుంటారు. సిగ్గరులకు ఇంతకంటే సులువైన చోటు నాకు తోచదు. నాటకాలు ఇష్టపడేవారికి 2004 నుంచి జె.పి.నగర్‌లో నడుస్తున్న రంగశంకర నాటకశాల ఉంది. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి చాలాకాలంగా తెలుగు సాంస్కృతిక కార్యక్రమాలు నిర్వహిస్తోంది, అక్కడికి వచ్చేవారిలో పెద్దవారు ఎక్కువే గాని, వారి ద్వారా కుటుంబాలు పరిచయమవుతాయి. వీటితోపాటు ట్రెక్కింగ్ బృందాలు, లాల్‌బాగ్‌లో ఉదయపు నడక, కన్నడ నేర్చుకొనే తరగతులు, సేవా కార్యక్రమాలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఆ పని మీద ఇష్టంతో వెళ్లండి. భాగస్వామి కోసమే వెళ్లినవారు రెండు వారాల్లో మానేస్తారు, వారి చూపుల వల్ల అక్కడి ఆడవారు కూడా ఇబ్బంది పడతారు.

ఆఫీసులో పరిచయమైతే?

సహజమే. కాని మీ కింద పనిచేసేవారితోగాని, మీ పనికి మార్కులు వేసేవారితోగాని వద్దు. ఒకసారి కాదన్నవారిని మళ్లీ అడగవద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం అవతలివారికి ఇష్టం లేని ప్రవర్తననే వేధింపుగా చూస్తుంది, మీ ఉద్దేశం మంచిదా కాదా అని కాదు.

ఆన్‌లైన్‌లో పరిచయమైనవారిని ఎన్నాళ్లకు కలవాలి? మొదటిసారి ఎక్కడ?

త్వరగానే కలవాలి. పది రోజులు, రెండు వారాలు మాట్లాడుకొని, ఒక వీడియో కాల్ చేసుకొని, తరువాత ఎదురుగా కలవడం మంచిదని నా అభిప్రాయం. నెలల తరబడి రాతల్లోనే పెరిగిన ప్రేమలో సగం మనిషిని మనమే కల్పించుకుంటాం. కలిసిన రోజున ఆ కల్పన చెదిరిపోతే, ఎదుటివారి తప్పేమీ లేకపోయినా మోసపోయినట్టు అనిపిస్తుంది.

మొదటి కలయిక పగటిపూట, నలుగురూ తిరిగే చోట పెట్టుకోండి. 2023 అక్టోబరు నుంచి మెట్రో ఊదా మార్గం వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట వరకు నడుస్తున్నందువల్ల, ఎంజీ రోడ్ స్టేషన్‌లో దిగి చర్చ్ స్ట్రీట్‌కు నడవడం ఇద్దరికీ వీలు. పుస్తకాల దుకాణంలో అరగంట, కాఫీకి గంట చాలు. ఎవరి దారిన వారు రండి, ఎవరి దారిన వారు వెళ్లండి. పీజీ గుమ్మం దగ్గర నుంచి బండి ఎక్కించుకుంటామని మొదటిసారే పట్టుబట్టేవారికి నిస్సంకోచంగా కాదని చెప్పండి. ఎక్కడికి, ఎవరిని కలవడానికి వెళుతున్నారో ఒక స్నేహితురాలికి చెప్పి, ఫోన్‌లో మీరున్న చోటు ఆమెకు కనిపించేలా పెట్టండి. ఆపదలో 112కు ఫోన్ చేయవచ్చు. ఈ జాగ్రత్తలు ఆడవారికి మాత్రమే కావు. అమ్మాయి చెప్పిన క్లబ్బుకు వెళ్లి, వేల రూపాయల బిల్లు కట్టేదాకా బయటికి రానివ్వని ముఠాల చేతిలో చిక్కిన అబ్బాయిల ఫిర్యాదులు దిల్లీ, ముంబయి, హైదరాబాద్‌లలో పోలీసుల వరకు వెళ్లాయి. చోటు మీరు కూడా కలిసి నిర్ణయించండి.

మోసగాళ్లను ఎలా గుర్తుపట్టాలి? డబ్బు పోతే ఏం చేయాలి?

మోసాల్లో కొన్ని పాత పద్ధతులే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. విదేశంలో డాక్టరునో ఇంజనీరునో అని చెప్పుకొన్న మనిషి మీకు బహుమతి పంపానంటాడు. కొన్నాళ్లకు దిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచని ఎవరో ఫోన్ చేసి, పార్సిల్ విడిపించడానికి డబ్బు కట్టమంటారు. ఇంకొకరు ప్రేమ మాటల నడుమ తనకు లాభాలు తెచ్చిన ట్రేడింగ్ యాప్ గురించి చెబుతారు. మొదట పెట్టిన పదివేలకు రెండు వేలు లాభం చూపి, తీసుకోనిస్తారు కూడా. ఆ నమ్మకంతో లక్షలు పెట్టాక తలుపు మూసుకుంటుంది. మూడోది, పరిచయమైన రోజే వీడియో కాల్‌లో దుస్తులు తీయమని ప్రోత్సహించి, దాన్ని రికార్డు చేసి బంధువులందరికీ పంపుతామని బెదిరించడం. ఈ మూడింటిలోనూ ఉండే లక్షణం ఒకటే. ఆ మనిషిని ఎరిగిన రెండో మనిషి ఎవరూ మీకు ఎన్నటికీ కనిపించరు. కలుద్దామంటే ఏదో అడ్డం వస్తుంది, కెమెరా పాడవుతుంది, స్నేహితులతో మాట్లాడించమంటే అలక మొదలవుతుంది. కాబట్టి ఎదురుగా కలవని మనిషికి ఒక్క రూపాయి పంపవద్దు, ఎంత దయనీయమైన కథ చెప్పినా సరే. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ, గుర్తింపు కార్డుల ఫొటోలు, ఇంటి చిరునామా ఇవ్వవద్దు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు. తొలి గంటల్లో చెబితే, డబ్బు చేతులు మారక ముందే ఆ ఖాతాలో నిలిపివేయించే అవకాశం ఉంటుంది. తరువాత కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫొటోలతో బెదిరించేవారికి డబ్బు కట్టవద్దు, కట్టినకొద్దీ అడుగుతూనే ఉంటారు. సందేశాలను తీసివేయకుండా స్క్రీన్‌షాట్లు దాచండి. ఒకరి అనుమతి లేకుండా వారి ఆంతరంగిక చిత్రాలను తీయడం, పంచడం ఐటీ చట్టంలోని 66ఈ సెక్షన్ కింద నేరం. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కిందికి వస్తుంది. నా పీజీలో ఉన్న ఒక చెల్లెలు ఇలాంటి బెదిరింపు వచ్చినప్పుడు పదకొండు రోజులు ఎవరికీ చెప్పక అన్నం మానేసింది. చెప్పిన రోజు మేము నలుగురం ఆమెతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. సిగ్గుపడవలసినవారు మీరు కాదు. దయచేసి ఆ పదకొండు రోజులు ఒంటరిగా గడపవద్దు.

కులం, ప్రాంతం సంగతి ఎప్పుడు మాట్లాడాలి?

మ్యాట్రిమొనీ సైటు ఆ గడిని ముందే నింపమంటుంది. డేటింగ్ యాప్ సాధారణంగా అడగదు, కాని ఇంటిపేరు చూసి, ఊరు అడిగి, మాట యాస విని చాలామంది లోలోపల లెక్క కట్టుకుంటారు. మీ ఇంట్లో కులాంతరానికి ఒప్పుకోరని మీకు ముందే తెలిసి, ఎదిరించే ఉద్దేశం మీకు లేకపోతే, ఆ మాట మూడో నాలుగో కలయికలోనే చెప్పండి. రెండేళ్లు చేయి పట్టుకొని తిరిగి, ఇంట్లో సంబంధం కుదిరాక "మా నాన్న ఒప్పుకోరు" అని వెళ్లిపోవడం క్రూరత్వం. ఇది యాప్‌లో కలిసినవారూ చేస్తారు, కాలేజీలో కలిసినవారూ చేస్తారు.

స్వలింగ సంపర్కులకు ఏ మార్గం అనుకూలం?

చాలామందికి ఆన్‌లైన్ మార్గమే మొదటి దారి, ఎందుకంటే ముఖాముఖిగా ఎవరిని అడగాలో తెలియదు. అమెరికాలో కూడా 2017లో కలుసుకున్న స్వలింగ జంటల్లో సుమారు 65 శాతం ఆన్‌లైన్‌లోనే కలుసుకున్నాయి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పరస్పర సమ్మతితో ఉన్న సంబంధం నేరం కాదని తీర్పునిచ్చింది. 2023 అక్టోబరులో మాత్రం స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. బయటపెడతామని బెదిరించి దోచుకొనే ముఠాలు వీరినే ఎక్కువగా ఎంచుకుంటాయి కాబట్టి, పైన చెప్పిన జాగ్రత్తలు వీరికి రెట్టింపు అవసరం. మొదటి పరిచయంలో ముఖం, ఆఫీసు పేరు ఒకేసారి తెలియజేయవద్దు.

ఇద్దరం నిర్ణయించుకున్నాం, ఇంట్లో ఒప్పుకోవడం లేదు. చట్టం ఏమంటుంది?

అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండి ఉంటే, ఎవరిని పెళ్లి చేసుకోవాలన్నది వారి నిర్ణయమేనని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని, షఫీన్ జహాన్ కేసుల్లో స్పష్టం చేసింది. మతాలు వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. 30 రోజుల గడువు తరువాత ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును అందరికీ కనిపించేలా ప్రదర్శిస్తారు కాబట్టి, ఇంటివారి నుంచి ప్రమాదం ఉందనుకుంటే ముందే ఒక న్యాయవాదిని కలవండి. పెళ్లి చేసుకొనే ఉద్దేశం లేకుండానే ఆ మాట ఇచ్చి శారీరక సంబంధం పెట్టుకోవడం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ ప్రకారం పదేళ్ల వరకు శిక్ష పడగల నేరమని కూడా తెలుసుకోండి.

మా అమ్మాయి యాప్‌లో పరిచయమైన అబ్బాయి గురించి చెప్పింది. తల్లిదండ్రులుగా మేము ఏం చేయాలి?

ముందుగా, ఆమె మీకు చెప్పింది. చాలామంది చెప్పరు. ఆ నమ్మకాన్ని మొదటి పది నిమిషాల్లో పోగొట్టుకోకండి. "ఫోన్‌లో దొరికినవాడా" అన్న మాట ఒక్కసారి నోరు జారితే, ఆ తరువాత వచ్చే కష్టం ఏదీ మీదాకా రాదు.

యాప్ మీద మీకున్న అనుమానానికి అసలు కారణం ఆ అబ్బాయిని ఎరిగినవారు ఎవరూ తెలియకపోవడం. దాన్ని సరిచేయడం మీ చేతుల్లోనే ఉంది. ఎన్నిసార్లు కలిశారు, అతని స్నేహితులు ఎవరైనా ఆమెకు తెలుసా, అతని ఇంట్లోవారితో ఆమె మాట్లాడిందా అని తగవుగా కాకుండా ఆసక్తిగా అడగండి. ఆమెకు చెప్పకుండా అతని ఆఫీసుకు గాని, ఊరికి గాని మనుషులను పంపవద్దు. ఆరా తీయాలనుకుంటే ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకున్నాక తీయండి. ఆ తరువాత ఒక ఆదివారం బెంగళూరు రండి. మొదటిసారి పెళ్లిచూపుల్లా పదిమంది కాకుండా మీరిద్దరే రండి, ఇంట్లో కాకుండా బయట ఎక్కడైనా భోజనానికి కలవండి. జీతం, ఇల్లు, పొలం గురించి ఆ పూట అడగవద్దు. అతను మీ అమ్మాయి మాట్లాడేటప్పుడు వింటున్నాడా, ఆమె మాటను మధ్యలో కోసేస్తున్నాడా అన్నది గమనించండి. నెల రోజుల తరువాత మళ్లీ కలవండి, అప్పుడు అతని తల్లిదండ్రులను కూడా రమ్మనండి. సాయంత్రం ఊరి బస్సు ఎక్కే ముందు అమ్మాయితో ఒంటరిగా ఒక గంట కూర్చోండి. అబ్బాయిలో మీకు నచ్చినది ముందు చెప్పి, అనుమానం కలిగించినది ఏదైనా ఉంటే తరువాత చెప్పి, ఆమె జవాబు పూర్తయ్యేదాకా వినండి.